ఎంగిలి పుల్ల

మదనపల్లె,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు మునిరాజకు,

అక్క భారతి మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ బావ, చందన అందరం బాగున్నాం. పుంగనూరులో అమ్మ, రేణుక, నీ కొడుకు కూడా కులాసాగా ఉన్నారు. ఆ లడాక్ కొండల్లో రోడ్లు వేస్తూ నువ్వు కూడా ఒంటికి వెచ్చగా, కడుపుకు చల్లగా ఉన్నావని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఫోను వస్తే ముందు పెళ్లాం, తర్వాత కొడుకు, ఆ తర్వాత అమ్మ. అక్క వంతు వచ్చేసరికి నువ్వు డ్యూటీకి పోవాలి. పైగా పోయిన నెల నువ్వు ఉత్తరం రాసి బోలెడు ప్రశ్నలు అడిగావు. ఉత్తరానికి ఉత్తరమే మర్యాద. జవాబులన్నీ చెబుతాను, చివరిదాకా ఓపిక పట్టి చదువు.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మన పుంగనూరు ఆవు ఎత్తు నీకు తెలుసు కదా, దాని దగ్గర నిలబడి పాలు పితకాలంటే మనిషి గుంతలోకి దిగాలి. "మా ఆవు పొడుగు పెరిగిన పొద్దు నేను కింద కూసునేది మానేస్తా సామీ" అని డాక్టరుకే చెప్పి వచ్చింది. ఆయన నవ్వి ఇంకో తైలం రాసిచ్చాడు. ఆ తైలం ఆమె రాసుకుంటోందో ఆవుకు రాస్తోందో నాకు అనుమానమే.

నీ కొడుకు చదువుతున్నాడు. చదవని వేళ ఆ ఆవు మీద ఎక్కి వీధంతా తిరుగుతున్నాడు. మీ బావ ఎప్పటిలాగే టమోటా మార్కెట్లో ఉంటాడు. రేటు పలికిన రోజు ఇంటికి వచ్చి పాటలు పాడతాడు, పలకని రోజు పిల్లితో కూడా మాట్లాడడు. ఈ వారం పాటలే నడుస్తున్నాయి.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "సెలవులో వచ్చినప్పుడు నోటి పుల్ల ఒకటి తీసుకున్నారు కదా, మళ్లీ ఇంకోటి ఇంత దూరం ఎందుకు పంపించారు?" అన్నావు. దానికి కారణం నేనూ కాదు, చందనా కాదు. సాక్షాత్తూ అమ్మే.

నువ్వు ఉన్నప్పుడు చందన ఆ డబ్బాలు తెచ్చింది గుర్తుంది కదా. అంగళ్లు ఊరి కాలేజీలో బయోటెక్నాలజీలో చేరినప్పటి నుంచి దానికి ఒకటే పిచ్చి, మన వంశం ఎక్కడి నుంచి వచ్చిందో డీఎన్ఏ పరీక్షతో తేల్చేస్తానని. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రుద్ది, గొట్టంలో పెట్టి హైదరాబాదు ల్యాబుకు పంపిస్తే చాలంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా అందులో తెలుస్తుందట. అమ్మకో పుల్ల, నాకో పుల్ల, నీకో పుల్ల. మా ఇద్దరివీ అయ్యాయి. నీ పుల్ల తీయగానే అమ్మ దాన్ని చందన చేతిలోంచి లాక్కుని తన నోట్లో పెట్టుకుంది.

"అవ్వా! అది మామది! నువ్వు యాల పెట్టుకుంటివి?" అని చందన అరిచింది.

"చేదుగా ఉండాదేమో సూడొద్దా? వాడికి చిన్నప్పట్నించీ చేదు పడదు" అంటూ అమ్మ అదే పుల్ల నీ నోటికి అందించింది. నలభై దాటిన మనిషివి, కొండలు తవ్వే బండి నడిపేవాడివి, నువ్వు కూడా బుద్ధిగా నోరు తెరిచావు. అయినా నిన్నని ఏం లాభం? టానిక్కయినా, కషాయమైనా, జ్వరం మాత్రయినా అమ్మ నాలుకకు తగలకుండా మన నోట్లోకి వచ్చిన మందు ఏదైనా ఉందా? అందరం పడీపడీ నవ్వాం. ఏం కాదులే అనుకుని చందన దాన్నే పంపించింది. ల్యాబు వాళ్లేమో "ఈ పుల్ల మీద ఇద్దరు మనుషులున్నారు, కొత్తది పంపండి" అని తిప్పికొట్టారు. అందుకే నీకు రెండో పుల్ల.

వంశం సంగతి కూడా తేలింది. మన పెద్దలు పాళెగాళ్ల దగ్గర గుర్రాలెక్కి తిరిగారని అమ్మ చెప్పేది కదా, రిపోర్టులో గుర్రాల ఊసే లేదు. తరతరాలుగా ఈ దక్షిణాదిలోనే ఉండిపోయాం, ఎక్కడికీ కదల్లేదు, అంతే. "మీవాళ్లు కదిలింటే నాకు ఈ గతి యాల పడుతుంది" అన్నాడు మీ బావ. ఆ రోజు రేటు పలికింది కాబట్టి ఊరుకున్నాను.

నేను ఆ పరీక్షకు ఎందుకంత ఉబలాటపడ్డానో ఇప్పుడు చెప్పాలి. వంశం మీద మోజుతో కాదు. నాకంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారని నీకు తెలుసు. అందుకే నేను పుట్టగానే మన అవ్వ నన్ను చాటలో పడుకోబెట్టి దిబ్బ మీద ఉంచిందట. పక్కింటి బషీరమ్మ వచ్చి, తవుడు పోసి నన్ను కొనుక్కుని, "ఇది నా బిడ్డ, నువ్వు సాకు లక్ష్మీదేవమ్మా" అని అమ్మ ఒళ్లో పెట్టింది. పరాయి బిడ్డ అనుకుని చావు పక్కకు తప్పుకుంటుందని మనవాళ్ల నమ్మకం. తప్పుకుంది కూడా. కానీ నా పేరు తవుడమ్మ అయి కూర్చుంది. నువ్వయితే మరీనూ. దోసెలు పోస్తే మాడినది నా పళ్లెంలో వేసి, "నువ్వు తవుడుకు కొన్నదానివి కదా, తిను" అనేవాడివి. నేను నీ వీపు విమానం మోత మోగించేదాన్ని.

కొట్టేదాన్ని, నవ్వేదాన్ని, కానీ ఒరే, ఒకే మాట రోజూ వింటే లోపల ఎక్కడో నాటుకుంటుంది. అద్దంలో నా ముక్కును బషీరమ్మ ముక్కుతో పోల్చి చూసుకున్న రోజులున్నాయి. నేను నిజంగా ఆమె బిడ్డనేమో, అమ్మకు నిలవడం లేదని జాలిపడి ఇచ్చేసిందేమో అనుకునేదాన్ని. ఎవరినీ అడగలేదు. పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఆ పిల్ల పెరిగి డీఎన్ఏ డబ్బా ఇంటికి తెచ్చేదాకా ఆ ముల్లు అలాగే ఉంది.

అది ఊడిపోయింది తమ్ముడూ. నేను లక్ష్మీదేవమ్మ కన్నబిడ్డనేనని రిపోర్టు వచ్చింది. నేను వంటింట్లో గెంతిన గెంతుకు కింది వాటా వాళ్లు ఏమైందోనని పైకి వచ్చారు. వీధిలో అందరికీ బాదుషాలు పంచాను. "ఇప్పుడే పుట్టినట్టు సంబరపడతాండావే" అన్నాడు మీ బావ. నాకు నిజంగా అలాగే ఉండింది.

ఇంతవరకు నవ్వుతూ చదివి ఉంటావు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, వేడిగా ఒక టీ తాగి, కూర్చుని చదువు.

నీ రిపోర్టు కూడా వచ్చింది. వచ్చి నెల దాటింది. నువ్వు అడిగినప్పుడల్లా "ఇంకా రాలేదు" అన్నాను, అది అబద్ధం. నీ పేరున వచ్చినదాన్ని నీకంటే ముందు చదివి దాచిపెట్టాను. నన్ను తిట్టు, పడతాను. కానీ ఇది ఫోనులో చెప్పే మాట కాదు. మునిరాజా, నువ్వు అమ్మ కడుపున పుట్టలేదని అందులో ఉంది.

అమ్మ ఎంగిలి వల్ల జరిగిన పొరపాటేమోనని చందనను పదేపదే అడిగాను. "లేదమ్మా, ఇది మామ లడాక్ నుంచి పంపించిన పుల్ల" అంది, దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సంబరమంతా ఒక్కసారిగా దిగిపోయింది. నాకు తల్లి దక్కితే తమ్ముడు దూరమవుతాడా అని భయం వేసింది. అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

అమ్మను అడగడానికి నోరు రాక ముందు కుప్పం వెళ్లాను. బషీరమ్మ ఇప్పుడు అక్కడే, తన పుట్టినూర్లోనే, కొడుకు జమీర్ దగ్గర ఉంటోంది. సంగతంతా ఆమెకు చెప్పాను. కోడలిని పిలిచి నాకు అన్నం పెట్టించింది. నేను తినేదాకా పక్కనే కూర్చుని, అప్పుడు అంది.

"నేను కొనింది నిన్ను బేటీ. నీ గురించి అడుగు, పొద్దు గూకేదాకా చెప్తా. వాడి గురించి చెప్పేదానికి ఒక మనిషే ఉండాది. పుంగనూరుకు పో. కొట్లాడేదానికి మాత్రం పోవద్దు."

మర్నాడే పుంగనూరు వెళ్లాను. రేణుక పిల్లోడిని బడిలో దింపడానికి పోయింది. అమ్మ ఆవుకు గడ్డి వేస్తోంది. నేను "అమ్మా, తమ్ముడి పరీక్ష..." అన్నానో లేదో, చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది.

"తెలిసిపోయిందా?" అంది.

నా చిన్నప్పుడు కరువొచ్చి నాయన, అమ్మ కుప్పం దగ్గర రాతి క్వారీలో పనికి పోయారని, నువ్వు అక్కడే పుట్టావని చెప్పేవాళ్లు కదా. నువ్వు పుట్టింది అక్కడే, అంతవరకు నిజం. వాళ్లకు ఆ పని చూపించింది బషీరమ్మ అన్నే కాబట్టి ఆమెకు మొదటి నుంచీ అంతా తెలుసు. మనవాళ్ల పక్క గుడిసెలో చిన్నక్క అనే అమ్మాయి ఉండేది. బైరెడ్డిపల్లె వైపు మనిషి. భర్త అంతకుముందే జబ్బు చేసి పోయాడు. నిన్ను కని, పురిటి జ్వరంతో ఆమె కూడా పోయింది. ఆమె ఊరికి కబురు పంపితే ఎవరూ రాలేదు. అప్పటికి నేను ఇంకా పాలు తాగుతున్నానట. అమ్మ వేపాకు రాసుకుని నా చేత పాలు మాన్పించి, నిన్ను రొమ్ముకు వేసుకుంది.

"నీ పాలే వాడికిచ్చినా" అంది అమ్మ నాతో. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం బాదుషాలు పంచిన రోజు కూడా కలగలేదు.

తర్వాత మన ఊరికి తిరిగి వచ్చాక జరిగింది అమ్మ మాటల్లోనే రాస్తాను.

"వీధిలో ఆడోళ్లంతా నిన్ను వదిలేసి వాడినే సూస్తాండ్రి. 'వీడెవరి పోలికమ్మా, మీ ఇంట్లో ఇట్లా ముఖం యాడుండాది?' అనిరి. నాకు గుండె ఆగినంత పని అయ్యింది. 'పోలిక లేనిది వాడికి కాదు, దీనికి! దీన్ని బషీరమ్మ తవుడుకు కొని నాకిచ్చె' అని నవ్వేస్తి. అందురూ నవ్విరి, వాడి మాట మర్చిపోయిరి. ఆ పొద్దు నుంచి ఎవురు వాడి ముఖం సూసినా నేను నీ తవుడు మాట ఎత్తుతాంటి."

నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచుకోవాలి? "నేను లోపల ఎంత ఏడ్చింటానో నీకు తెలుసునా? నేను మాత్రం బిడ్డను కాదా?" అని అరిచాను.

అమ్మ గడ్డి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు నా కడుపు సీల్చుకొని వచ్చినదానివి. ఎంతమంది ఎన్నన్నా నిజం నీ పక్కనుంటాది. వాడికి నిజం తోడు లేదు కదమ్మా. అందుకే నిన్ను అడ్డం పెట్టినా" అంది.

ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. ఆవు మేత మానేసి మమ్మల్నే చూసింది. కాస్త తేరుకున్నాక నేను అడిగాను, ఇంత దాచినదానివి పరీక్షకు ఎందుకు ఒప్పుకున్నావని.

"వద్దంటే యాల అని అడుగుతారు కదా. అందుకే వాడి పుల్ల నా నోట్లో పెట్టుకుంటి. నా ఎంగిలి దానికి అంటుకుంటే, వాడు నా బిడ్డే అని మిషన్లో సూపిస్తాదేమో అనుకుంటి."

అర్థమైందా తమ్ముడూ? ఆమె చేదు చూడలేదు. చావును తవుడుతో మోసం చేసిన ఇల్లు కదా మనది, సైన్సును ఎంగిలితో మోసం చేయబోయింది. నేను ఏడుపు మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టాను. ఆమె కూడా నవ్వింది. రేణుక తిరిగి వచ్చి "ఏమయిందత్తా?" అంటే, ఇద్దరం ఆవును చూపించాం. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట కాబట్టి నేను చెప్పలేదు.

చిన్నక్క మనుషులు ఎవరైనా ఉంటే వెతుకుతానని చందన అంటోంది. నువ్వు ఊ అంటేనే బైరెడ్డిపల్లె బస్సు ఎక్కుతుంది, వద్దంటే ఆ ఊసే ఎత్తదు. నీకు ఇష్టమైతే మాత్రం నేను కూడా దానితో వెళ్తాను. నిన్ను కన్న మనిషి ఎలా ఉండేదో చెప్పేవాళ్లు ఒక్కరైనా దొరికితే బాగుండునని నాకూ ఉంది.

ఈ ఉత్తరం రాయమన్నది అమ్మే. "నేను పోయినాక తెలిస్తే వాడు ఎవుర్ని అడుగుతాడు? నేను ఉండంగానే తెలియనీ" అంది. ధైర్యంగానే అంది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించడం లేదని రేణుక చెబుతోంది. మొన్న నేను వెళితే మెల్లగా అడిగింది: "ఇంక వాడు నన్ను ఏమని పిలుస్తాడు భారతీ?" అని. పిచ్చి మాటలు మానమని కసిరాను. నేను కసిరితే తీరే దిగులు కాదది.

అందుకని ఈ ఉత్తరం అందగానే పుంగనూరుకు ఫోను చెయ్యి. ఈ సంగతి మాట్లాడాలనిపించకపోతే మానెయ్, నీకు ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు తీసుకో. ఎప్పటిలాగే "అమ్మా, ఏం కూర చేసినావు?" అని అడుగు. మొదటి మాట దగ్గరే లైను తెగిపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
భారతి.