నానమ్మ కదురు, నా పెన్ను

శనివారం.

మామూలు పెన్ను నానమ్మ వేళ్ళలో నిలవదు. అందుకే తిప్పితే లావయ్యే, లాగితే పొడవయ్యే పెన్ను చేద్దామనుకున్నాను. లోపలి కడ్డీ కోసం నిన్న ఎవరికీ చెప్పకుండా ఆమె రాట్నం కదురు, అదే నూలు చుట్టుకునే ఇనుప కడ్డీ, తీస్తే అది వంగిపోయింది. భయమేసి మళ్ళీ అక్కడే పెట్టేసి, పెన్నుకి సైకిల్ స్పోక్ వాడాను.

ఈరోజు పొద్దున్నుంచీ నూలు తెగుతూనే ఉంది. నానమ్మ చేతులకేసి చూసుకుంది.

“నా సేతులు పడిపోనాయే. రేపు రాట్నం పక్కింటి కోడలికి ఇచ్చేస్తాను.”

“అలా ఏం లేదు నానమ్మా,” అన్నాను. కదురు సంగతి చెప్పలేకపోయాను.

“ఏటి లేదు? పోన్లే, నువ్వు సేసిన పెన్నేదే? నా పేరు రాయడమైనా నేర్సుకుంటాను.”

ఇచ్చాను. మొదటి అక్షరం కొంచెం కూడా వణక్కుండా రాసింది. రాసి, నవ్వింది. నేను తల తిప్పేసుకున్నాను.

ఆ చేతులకేమీ కాలేదు, నూలు తెగుతున్నది నేను వంచిన కదురు వల్లే. పక్కింటి కోడలు రాట్నం కోసం రేపు పొద్దున్నే వస్తుంది. ఆలోపు చెప్పాలి. చెప్తే ఆ పెన్ను మళ్ళీ ముట్టుకుంటుందో లేదో…