అందరికీ పద్దెనిమిదే

అమ్మకు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నాన్న మోకాలు, నీ కుట్టుమిషను, రెండూ మొరాయించకుండా ఉన్నాయని తలుస్తాను.

తింటున్నావా, పడుకుంటున్నావా, మూడు వారాలుగా ఉత్తరం ఎందుకు లేదు అని అడిగావు. మొదటి రెండింటికీ అవును. మూడోదానికి జవాబు చివర్లో ఉంది, ముందుకు దూకి చదవకు.

సర్వే సంగతి కూడా అడిగావుగా. మా నర్సింగు కాలేజీ పిల్లలు ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారో కనుక్కోమని టీచరు నాకు అప్పగించింది. "ఊరందరి ఆరాలూ నీకే కావాలి" అని నువ్వు తిట్టే గుణం ఇన్నాళ్ళకు పనికొచ్చింది. నా గదిలో పిల్ల ఇస్త్రీ చేసిన యూనిఫామునే మళ్ళీ ఇస్త్రీ చేస్తుంది. క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి కుళాయి విప్పి ఏడ్చి, మొహం కడుక్కొచ్చి మాకు పాఠం చెప్తుంది. ఇంకొకడు "నాకు ఒత్తిడేంటి?" అంటూనే పెన్ను మూత నమిలి పిప్పి చేశాడు. వింటుంటే ఎంత వింతగా ఉందో! ముప్ఫైమంది చెప్పారు. నా కాగితం మాత్రం ఖాళీగా ఉంచుకున్నాను.

నా ఉపాయం పైకి చెప్పుకునేది కాదమ్మా. వార్డులో ప్రతి రోగీ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టి రాయాలి. ఇరవై మంచాలు, ఇద్దరం మనుషులం, మధ్యాహ్నం పరీక్ష. లెక్కపెట్టడం మానేసి అందరికీ పద్దెనిమిది రాసేదాన్ని. మామూలు మనిషికి అటూ ఇటూగా అంతేగా అని.

మూడు వారాల క్రితం ఒక ముసలి వడ్రంగికీ అదే రాశాను. గంట తర్వాత హెడ్ నర్సు చూస్తే ముప్ఫై నాలుగు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఆక్సిజన్ పెట్టి ఎలాగో గండం గట్టెక్కించారు. "గంటలోనే ఇంత ముదిరిందేంటి!" అని ఆవిడ ఆశ్చర్యపోతుంటే నేను నోరు మెదపలేదు. తాత కోలుకున్నాక, "నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఈ పిల్లే" అని కొడుక్కి నన్ను చూపించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నీకు ఉత్తరం రాయలేకపోయింది అందుకే.

నిన్న వెళ్ళి హెడ్ నర్సుకు అంతా చెప్పేశాను. చదువు మాన్పించి పంపేస్తారేమోనని ముందే పెట్టె సర్దుకున్నాను.

"మందు కొలవకుండా పోస్తావా? మరి ఇదెలా రాశావ్?" అని దులిపేసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నాడి చూస్తోందనుకున్నాను. లెక్కపెడుతున్నట్టు తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుందని, నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరే లెక్కపెడతాం. ఆ సంగతి నాకే తట్టలేదు.

"ఇరవై ఎనిమిది" అంది. "నిన్నూ ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట."

నెలరోజులు అదే వార్డులో మళ్ళీ చేయాలట. ఈ సెలవులకు రాలేను, కోప్పడకు. ఇవాళ ఇరవై మంచాల దగ్గరా నిలబడి లెక్కపెట్టాను. పద్దెనిమిది వచ్చింది ఒక్కరంటే ఒక్కరికే.

ఇట్లు,
నీ ఆరాల కూతురు