నాన్న డాలు

థాసోస్ ద్వీపం,
ద్రాక్షకోతల నెల, మూడో రోజు

ఏథెన్సులో ఉన్న తమ్ముడు లైసానియాస్‌కు అక్క మిర్తో శుభం పలికి రాస్తున్నది. నీ కళ్లూ చేతివేళ్లూ చల్లగా ఉండాలని అపోలోకు మొక్కుకున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్లు తప్ప.

నువ్వు పంపిన చరిత్ర గ్రంథం చేరింది. ఎక్కడెక్కడి వాళ్లనో కూర్చోబెట్టి అడిగావు! కళ్లారా చూసినవాడు చెప్పందే ఒక్క ముక్కా రాయనని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నావు. చేప ఏ రేవులో పట్టారో చెబితేగాని కంచం ముట్టనివాడివి, ఇంకెలా రాస్తావులే. మా ఆయన ఈజిప్టు మొసలి సంగతి మూడుసార్లు చదివించుకుని, ఇంత నోరు నీకొక్కదానికే ఉందనుకున్నానే అన్నాడు.

చివర్న మన ఊరి యుద్ధం. నీకు ఊహ తెలియనప్పుడు ఆవలి తీరాన థ్రేసియన్లతో జరిగిన పోరులో నాన్న ముందు వరసలో నిలిచి చనిపోయాడనీ, ఆయన డాలు మీదే ఆయన్ను ఇంటికి తెచ్చారనీ రాశావు. చదువుతూ ఏడ్చాను. ఆ తరువాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. నాన్న పక్కన నిలిచిన జెనియాస్ డాలు పారేసి పారిపోయాడు, అని.

అదే, మన వీధి చివర పడవలు బాగుచేసే జెనియాస్. ద్రాక్షసారా కొట్టు దగ్గర ఇప్పటికీ, ఏం తాతా, చెప్పులైనా తెచ్చుకున్నావా, అవీ అక్కడే పారేశావా అని అడుగుతారు. నవ్వి ఊరుకుంటాడు. కుదిరిన పెళ్లి కూడా ఆ డాలు వల్లే తప్పిపోయింది. మొన్న మా ఇంటి కప్పు కారుతోందని తారు పూసిపెట్టాడు. నాలుగు అంజీరాలు చేతిలో పెడితే, నీ తమ్ముడు పండక్కి మనూళ్లో చదువుతాడంటగా అమ్మాయీ, నేను ముందే వచ్చి కూర్చుంటా అన్నాడు.

డయోనిసస్ పండుగనాడు ఊరందరి ముందూ నువ్వది చదివితే, కొట్టు దగ్గరి వెక్కిరింత రాతలోకి ఎక్కుతుంది. ఆయన పోయినా అది పోదు. ఆ వాక్యం తీసెయ్యి. ఎందుకని అడగకు.

నీ కోసం ఉప్పుచేపలు ఎండబెట్టాను. పండుగకు ముందే రా.

ప్రేమతో,
నీ అక్క మిర్తో

తా.క. ముద్ర వేయబోయి ఆగాను. అడగకు అంటే ఊరుకునేవాడివా నువ్వు! యుద్ధానికి వెళ్లినవాళ్లందరినీ అడిగావు. శవానికి స్నానం చేయించినవాళ్లను అడగలేదు. అమ్మా నేనూ చేయించాం. అప్పుడు నాకు పదకొండేళ్లు. గాయం నాన్న వీపులో ఉంది.

డాలు పారేసింది నాన్నే. జెనియాస్ వెనక్కి వెళ్లి నాన్నను తన డాలు మీద వేసుకుని పడవదాకా ఈడ్చుకొచ్చాడు. ఆ పొగమంచులో ఎవరూ చూడలేదు. మన రేవులో వట్టి చేతులతో పడవ దిగిన జెనియాస్‌ను మాత్రం అందరూ చూశారు. గుమ్మంలో అమ్మతో, ఇది నీ మొగుడి డాలేనమ్మా, పిల్లలకు అట్లాగే చెప్పు అన్నాడు. అమ్మ మాటిచ్చింది, నా చేతా ఒట్టు వేయించుకుంది. పోయిన చలికాలం అమ్మతోపాటు ఆ ఒట్టూ తీరిపోయింది.

నీ మంచం పైన వేలాడిన డాలు ఇంకా అక్కడే ఉంది. వచ్చి తిప్పి చూడు. లోపలి తోలుపట్టీ మీద జెనియాస్ ఇంటి గుర్తు, మేకకొమ్ములు, ఉంటాయి. వాక్యం తీసెయ్యమన్నాను గాని, వద్దు, సరిచేసి చదువు. ముందు వరసలో ఆయన కూర్చుని ఉంటాడు.

నాన్నను పరుగెత్తనీ తమ్ముడూ. ఆయన పరుగెత్తింది మన ఇంటివైపే.