నాలుగో స్క్రూ సంగతి

అల్లుడు గారూ,

స్కూటర్ ఇంజన్ మూతకున్న నాలుగో స్క్రూని ఇక తిప్పకండి. నిన్న మీ పట్టుదలకి దాని గాడి పూర్తిగా అరిగిపోయింది. సుత్తి కూడా వద్దు, మూత పగులుతుంది. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి డ్రిల్లుతో తీస్తాడు. అతను నవ్వితే మీరూ నవ్వేయండి. ఊడిన మూడు స్క్రూలూ మీ టీ గ్లాసులో ఉన్నాయి, చూసుకుని తాగండి. స్కూటర్ లేదుగా, నేను అమ్మకం బట్టల మూట నెత్తిన పెట్టుకుని మన కొట్టుకి నడిచి వెళ్తున్నాను.

స్క్రూ పాడుచేసింది నేనేనని అమ్మాయితో చెప్పాను. దాని తిట్లు నాకు ఇరవయ్యేళ్ల అలవాటు, మీకింకా మూడు నెలలే. మీరూ ఆ మాట మీదే ఉండండి.

ఊరికే ఒప్పుకోలేదు లెండి. బదులుగా మీ అత్తగారి కుట్టుమిషన్ జోలికి వెళ్లకండి. అది విప్పారంటే, ఆవిడ దగ్గర నా పూచీ చెల్లదు.