అత్తయ్య పోతే ఏడ్చేదెవరు?

నామ్‌వన్,
ఆకులు రాలే కాలం

చిరంజీవి మున్‌హోని దీవించి అత్తయ్య ఒక్‌బున్ రాయునది.

ఇక్కడ నేను క్షేమం కాదు. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. నువ్వు ఫోనెత్తవు, ఎత్తినా "ఆఁ" అని తప్ప అనవు. అందుకని పోస్టాఫీసులో జీవితమంతా ముద్రలు కొట్టిన చేత్తో ఈ ఉత్తరం రాస్తున్నా.

నా కడుపులో ఏదో పెరుగుతోందట. జొన్‌జు పెద్దాసుపత్రి డాక్టరు ఫొటోని వెలుతురుకి పెట్టి చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. చిరునామా తప్పున్న కవరుని మేమూ అలాగే చూసేవాళ్ళం. నాకు అర్థమైపోయింది.

నాకా, పెళ్ళీ పెటాకులూ లేవు. నేను పోతే చేతికి నార పట్టీ కట్టుకుని, నా ఫొటో పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి వంగి దండం పెట్టాల్సింది మా అన్నయ్య కొడుకువి నువ్వే. నా బెంగంతా అక్కడే ఉంది.

మా ఊళ్ళో ఆడాళ్ళకి జుట్టు కత్తిరించే మల్‌సున్‌కి ఈ మధ్య, మనిషి స్వభావం ఏ రకమో చెప్పే ఆ నాలుగక్షరాల పరీక్ష పిచ్చి పట్టింది. మీ సియోల్‌లో మరీ ఘోరమట కదా, పేరు అడిగేముందు అక్షరాలే అడుగుతారట. నీవి ఐ, ఎన్, టి, జె. నాకు తెలుసులే. ఎవరు చెప్పారని అడక్కు. మల్‌సున్ వింటూనే, "అయ్యో అక్కా! ఆ రకానికి గుండె ఉండాల్సిన చోట లెక్కల మిషనుంటుంది. ఇల్లంటుకుంటే వేడి ఎంతుందో చూస్తారు గానీ చెంబెడు నీళ్ళు పొయ్యరు" అంది. నేను ఊరుకుంటానా? "మా వాణ్ణంటావా, ఆ కత్తెర నోట్లో పెట్టుకో" అని దులిపేశాను. దుకాణమంతా గొల్లుమంది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే మాత్రం భయమేసింది. మీ నాన్న పోయినప్పుడు నువ్వేడ్చావా? లేదు. ఊదువత్తి వంకరగా ఉందని సరిచేస్తూ కూచున్నావు. నువ్వూ, నీ వంతెనల ఆఫీసూ! ఏ వంతెన ఎప్పుడు పగులుతుందో ముందే లెక్క కడతావు గదా, మనిషి పోయాక నాలుగు కన్నీళ్ళు కార్చలేవూ?

అందుకని ఇప్పట్నుంచే ఏడవడం నేర్చుకో. "ఐగో, ఐగో" అని గొంతెత్తి ఏడవాలి. నలుగురినీ పోగెయ్యి. ఖాళీ చావు హాల్లో, వచ్చినవాళ్ళకి పెట్టే ఎర్ర పులుసు చల్లారిపోతుంటే నేను ఫొటోలో ఒక్కదాన్నే నవ్వుతూ కూచోవాలా? ఏడ్చే మనిషి ఒక్కరూ లేకుండా పోవాలంటే నాకు భయంరా.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క. మీ రకం కిమ్చీ పచ్చడి తింటారా, మాత్రలు మింగి బతుకుతారా? తింటానంటే ఈ ఏడు ఒక డబ్బా పంపుతా.

* * *

సియోల్

పూజ్యులైన అత్తయ్యకి మున్‌హో నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను.

ఆ పెరిగేది కడుపులో ఏ వైపు? డాక్టరు అన్నది అన్నట్టు రాయగలరా? మాత్రలు తిండికి ముందా, తరవాతా? నొప్పి పడుకుంటే ఎక్కువా, కూచుంటేనా? మీ ఇంటి మెట్లకి పట్టుకునే కడ్డీ ఉందా?

నాన్నగారి దగ్గర ఊదువత్తి వంకరగా ఉన్నమాట నిజమే. బూడిద ఆయన ఫొటో మీద రాలుతోంది. ఆయనకి దుమ్ము పడదు.

ఏడుపు ప్రయత్నిస్తాను.

ఇట్లు,
మున్‌హో

తా.క. కిమ్చీ తింటాను. మాత్రలు కూడా, జలుబు చేస్తే.

* * *

నామ్‌వన్

మున్‌హోకి,

ఈసారి దీవెనలు లేవు. చావు కబురు రాస్తే ప్రశ్నపత్రం పంపుతావురా?

నీ ఉత్తరం మల్‌సున్ దుకాణంలో పైకి చదివాను. తలకి రంగు పెట్టుకున్నవాళ్ళు రంగు కారిపోతున్నా లేచొచ్చి విన్నారు. "మెట్లకి కడ్డీ ఉందా" అన్న చోట మల్‌సున్ కత్తెర ఆపేసింది. "ఇల్లు ఏ మాత్రం చేస్తుందో ఆరా తీస్తున్నాడక్కా! ఆ రకం అంతే. చచ్చేదాకా కూడా ఆగరు" అంది. నేను కొంచెం గట్టిగానే వెనకేసుకొచ్చాను. కానీ నా గొంతులోనే బలం లేదు.

అదే బొమ్‌సొక్‌ని చూడు, మా తమ్ముడి కొడుకుని, నీకంటే పెద్దవాణ్ణి. కబురు తెలియగానే ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. "రెక్కలు కట్టుకుని వాలిపోతానత్తా" అన్నాడు. వాలలేదనుకో. రోడ్డు మీద కార్ల రద్దీ అట. రెక్కలకి కార్లు ఎలా అడ్డమొచ్చాయో నేనడగలేదు. వాడికి స్నేహితులు ఒక మైదానం నిండా ఉంటారు. నీకెంతమంది? సిగ్గుపడకుండా చెప్పు.

ఇట్లు,
ఒక్‌బున్

తా.క. కడ్డీ లేదు. గోడ పట్టుకుని దిగుతున్నా. అడిగావు గనక చెప్పా, అంతే.

* * *

సియోల్

అత్తయ్యకి నమస్కారాలు.

స్నేహితులు ముగ్గురు. ఒకడు బుసాన్‌లో ఉంటాడు. ఒకడు జపాన్ వెళ్ళాడు. మూడోవాడు ఇల్లు కదలడు, కానీ మీకోసం అడిగి చూస్తాను.

ఏడుపు సాధన మొదలుపెట్టాను. స్నానాలగదిలో తలుపేసుకుని, మీరు రాసినట్టే "ఐగో" అన్నాను. మొదట సరిగ్గా రాలేదు. గొంతు పెంచాను. కాసేపటికి మా అపార్టుమెంట్ల ఆఫీసు వాళ్ళు గోడ మైకులో, "నివాసులకి మనవి. తీవ్రమైన నొప్పితో బాధపడుతున్నవారు దయచేసి ఆసుపత్రికి వెళ్ళగలరు. ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలుగుతోంది" అని అన్ని ఇళ్ళకీ వినబడేలా చెప్పారు. పై ఇంటావిడ గుమ్మం ముందు పిప్పరమెంటు నూనె సీసా పెట్టి వెళ్ళింది. ప్రస్తుతానికి సాధన ఆపాను.

ఖాళీ హాలు గురించి మీరు భయపడ్డారు కదా. దానికి దారి ఉంది. బొమ్మ గీసి పంపుతున్నాను. చిన్న గది తీసుకుని, బల్లలు ఇలా ఏటవాలుగా వేసి, మధ్యలో తెర పెడితే కొద్దిమంది వచ్చినా నిండుగా కనబడుతుంది. పులుసు గిన్నె తలుపుకి దూరంగా ఉండాలి, చల్లారదు.

శనివారం ఒక మేస్త్రీ వచ్చి మెట్లకి కడ్డీ బిగిస్తాడు.

ఇట్లు,
మున్‌హో

తా.క. మేస్త్రీ మాట్లాడే మనిషి కాదు. మీకు చిన్నతనంగా ఉంటుందేమో. బార్లీ టీ ఇస్తే చాలు.

* * *

నామ్‌వన్,
కిమ్చీ పెట్టే రోజులు

ఓరి నా తండ్రీ,

నేనింకా కాళ్ళ మీద తిరుగుతుండగానే నా చావు హాలు గీశావా! పైగా బల్లలు ఏటవాలుగానట! తెరట! నాకోసం ఎవరూ రారని లెక్క కట్టి మరీ తేల్చేశావన్న మాట. వంతెన పగులుతుందని చెప్పినంత తేలిగ్గా చెప్పేశావు.

మల్‌సున్ ఆ బొమ్మ చూసి నోరు వెళ్ళబెట్టింది. "నేను చెప్పలా అక్కా" అంది. ఈసారి నేనేమీ అనలేదు.

చాల్లేరా. నార పట్టీ బొమ్‌సొక్‌కి కడుతున్నాను. నోరారా ఏడుస్తాడు, నలుగుర్నీ పలకరిస్తాడు. నువ్వు అలిగినా నాకేం పర్లేదు. నీకు అలగడం కూడా రాదు కదా.

ఆసుపత్రికి తోడొస్తానని మాత్రం రాయకు. గురువారం గురువారం నేనొక్కదాన్నే బస్సెక్కి పోతున్నా.

ఇట్లు,
ఎవరికీ అక్కర్లేని
ఒక్‌బున్

తా.క. కడ్డీ బావుంది. ఆ మేస్త్రీ వచ్చినప్పట్నుంచి వెళ్ళేదాకా ఒక్క మాటన్నా అనలేదు. ఎంత హాయిగా ఉందో. ఎండు పెర్సిమన్ పళ్ళు పంపుతున్నా. వీటిని చూసి కోపం తగ్గిందనుకునేవు, తగ్గలేదు.

* * *

సియోల్

అత్తయ్యకి నమస్కారాలు.

బొమ్‌సొక్ అన్నయ్య విషయం సబబే. నాకు గుమ్మం దగ్గర చెప్పులు సర్దే పనివ్వండి. వచ్చినవాళ్ళు విప్పినవి జత తప్పకుండా, వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెడతాను. దానికి మాటలక్కర్లేదు.

ఒక సంగతి చెప్పాలి. తోడొస్తానని రాయొద్దన్నారు. అందుకని రాయకుండా వచ్చాను. పోయిన గురువారం ఆసుపత్రిలో మీ వెనక వరసలో కూచున్నాను. మీరు సూది గదిలోకి వెళ్ళి బయటికొచ్చేదాకా ఉన్నాను. పలకరిస్తే ఏమంటారో లెక్క తేలలేదు.

పక్కావిడ ఏదో అడిగితే మీరు చెవి చూపించి, వినబడదని చెయ్యూపారు. మీకు చెవుడు ఎప్పుడొచ్చింది? డాక్టరుకి చెప్పారా?

ఇట్లు,
మున్‌హో

తా.క. పెర్సిమన్లు అందాయి. కోపం తగ్గలేదని గుర్తుపెట్టుకునే తిన్నాను.

* * *

నామ్‌వన్,
మంచు

మున్‌హో,

దొంగలా వెనక కూచోవడానికి సిగ్గులేదట్రా? నా జుట్టు వెనక ఎంత అధ్వాన్నంగా ఉందో చూసే ఉంటావు. కత్తిరించుకోక చాన్నాళ్ళైంది.

చెవుడు లేదు, ఏమీ లేదు. ఆ రోజు గొంతు బాలేదు.

కలం బరువనిపిస్తోంది. ఇక్కడితో ఆపుతా.

అత్తయ్య

తా.క. ఈసారొస్తే పక్క కుర్చీలో కూచో. మాట్లాడక్కర్లేదు.

* * *

సియోల్,
మంచు కరిగాక

పూజ్యులైన అత్తయ్యకి మున్‌హో నమస్కారాలు.

పక్క కుర్చీలో కూచున్నాను. మీరు కిటికీ చూశారు, నేనూ కిటికీ చూశాను. ఆ గురువారాలన్నీ అలాగే గడిచాయి. చివరి వారం మీరు నా కోటు గుండీ ఊడిందని వేలితో చూపించారు. ఇద్దరం కలిసి అన్నది అంతే.

మీరు పోయారని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఎత్తాను. "ఆఁ" అనే అన్నాను.

బొమ్‌సొక్ అన్నయ్య పట్టీ కట్టుకుని, పక్క హాలు వాళ్ళు తొంగిచూసేంత గట్టిగా ఏడ్చాడు. దణ్ణాలు పెట్టాడు, పులుసు తాగాడు, "కారు అడ్డంగా పెట్టొచ్చాను తమ్ముడూ, ఇప్పుడే వస్తా" అని పట్టీ విప్పి నా చేతికి కట్టాడు. కారు ఇంకా సరిగ్గా పెట్టుకున్నట్టు లేదు. ఆయన ఏడుపు అబద్ధం కాదత్తయ్యా. పొట్టిది, అంతే.

తరవాత దుకాణం ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మల్‌సున్‌గారు వచ్చారు. మర్యాద కోసం నేనే పలకరించాను. "అత్తయ్య మీతో రోజూ గొడవ పడేవారట. ఏమీ అనుకోకండి" అన్నాను.

"గొడవా? ఒక్‌బున్ అక్కా?" అన్నారావిడ. "అక్క నోటి నుంచి 'కొంచెం పొట్టిగా' అన్న మాట తప్ప ఇన్నేళ్ళలో నేనింకోటి వినలేదు బాబూ. పోస్టాఫీసులోనూ అంతే. అద్దం వెనక నుంచి స్టాంపు, చిల్లర ఇచ్చేది. మూగదేమో అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు."

ఆవిడే మళ్ళీ అన్నారు.

"పోయిన వసంతంలో సరదాకి అందరికీ ఆ నాలుగక్షరాల పరీక్ష పెట్టాను. అక్క తలూపుతూనే జవాబులిచ్చింది. ఐ, ఎన్, టి, జె వచ్చింది. నేనుండి, 'అయ్యో, నీకు గుండె ఉండాల్సిన చోట లెక్కల మిషనుందక్కా, నువ్వు పోతే ఏడ్చేదెవరు?' అన్నాను. అందరం నవ్వాం. అక్కా నవ్వింది. ఆ తరవాత మళ్ళీ నా గడప తొక్కలేదు." అక్కడ ఆవిడ మీ ఫొటో వైపు తిరిగారు. "ఆ నవ్వు వెనక్కి తీసుకోలేను కదా బాబూ" అని గోడకి జారబడి కూచున్నారు. అప్పట్నుంచీ కదల్లేదు. పులుసు గిన్నెలు కడిగారు.

అంటే ఆ దుకాణం గొడవలన్నీ మీరు వంటింట్లో ఒక్కరే కూచుని, ఇద్దరి మాటలూ మీరే రాసుకున్నారు. "మా వాణ్ణంటావా" అని దులిపేసింది నాకోసం కాదు. ఆ రోజు మీ తరఫున అనాల్సింది ఎవరూ అనలేదు. ఏడ్చేవాళ్ళు ఉండరేమోనని మీరు భయపడింది నన్ను చూసి కాదు. నేను కడ్డీలూ బల్లలూ లెక్కపెడుతూ ఆ ఒక్క సంగతీ చూడలేదు. చాలా బాధగా ఉందత్తయ్యా. అది మీకు ఎదురుగా చెప్పడం నాకు రాలేదు.

హాలు నిండింది. పెద్ద గదే తీసుకున్నాను, బల్లలు తిన్నగా వేశాను, తెర పెట్టలేదు. మీరు స్టాంపులమ్మిన వాళ్ళంతా వచ్చారు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మీకు నచ్చేది. పులుసు చల్లారలేదు. నేను వంగి దండం పెట్టడం, సందు దొరికితే వెళ్ళి చెప్పులు తిప్పి పెట్టడం, రెండూ చేశాను. కానీ ఐగో రాలేదు. మన్నించండి.

ఈ ఉత్తరం మీ ఇంటి చిరునామాకే పంపుతున్నాను. తీసుకునేవారు లేకపోతే ముద్ర కొట్టి పంపినవారికే తిప్పేస్తారని నాకు చిన్నప్పుడు మీరే చెప్పారు. అలాగైనా నామ్‌వన్ ముద్రతో నాకు ఇంకో ఉత్తరం వస్తుంది.

ఇట్లు,
మీ మేనల్లుడు
మున్‌హో

తా.క. ఆ పరీక్ష నేనెప్పుడూ రాయలేదు. చెబుదామంటే మీ ఉత్తరాల్లో సందు దొరకలేదు.

మరో తా.క. ఇది అంటిస్తుండగా గోడ మైకులో మళ్ళీ చెబుతున్నారు. నొప్పితో బాధపడుతున్నవారు దయచేసి ఆసుపత్రికి వెళ్ళాలట. ఈసారి నేను సాధన చెయ్యడం లేదత్తయ్యా.