పెట్టలకు గ్రిట్ వేయు సరైన పద్ధతి

ఏప్రిల్ 21, సోమవారం

పెరటి పెట్టలకు మేత వేయడం ఒక పద్ధతి ప్రకారం జరగవలసిన పని. కోడికి పళ్లు లేవు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినట్టు ఎవరూ ప్రవర్తించరు. గింజ కందనకాయలో నలగాలంటే అక్కడ రాతినూక ఉండాలి. దాన్నే గ్రిట్ అంటాం. గుడ్డు పెంకు గట్టిపడాలంటే ఆల్చిప్పల నూక కావాలి. రెండూ వేర్వేరు వస్తువులు. వాటిని వేర్వేరు గిన్నెల్లో ఉంచాలి. ఒకదానితో ఒకటి కలపరాదు, ఫీడ్‌లో అసలే కలపరాదు. ఏది ఎంత తినాలో కోడికి తెలుసు, మనకు తెలియదు. ముందు గ్రిట్, తరువాత ఫీడ్, ఆ తరువాతే కూరగాయల తొక్కలు. ఈ వరుస పాటించనివారు కోళ్ల పెంపకానికి అనర్హులు. టౌన్‌షిప్ గుమాస్తాగా ఇది నా నిశ్చితాభిప్రాయం. నన్ను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా ఆరు పెట్టలూ నిజానికి మా అత్తగారు సోల్వే గారివి. ఆవిడ మా ఇంటికి మారినప్పుడు ఒక సూట్‌కేసు, ఈ కోళ్లు తెచ్చుకున్నారు. నవంబరులో ఆవిడ పోయారు. కోళ్లు మిగిలాయి. క్రిస్మస్ దాకా గుడ్ల పెంకులు పట్టుకుంటే చితికేవి. జనవరి నుంచి గట్టిపడ్డాయి. ఇప్పుడు బాణలి అంచుకు రెండుసార్లు కొడితే గాని పగలవు.

నిన్న ఈస్టర్. చర్చి బేస్‌మెంట్‌లో ఉదయం పూట పెట్టిన ఎగ్ బేక్, అంటే గుడ్లు గిలకొట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం, అంతా మా గుడ్లతో చేసిందే. పాస్టర్ రెండోసారి వడ్డించుకుంటూ, వెండెల్, మీ కోళ్లకి ఏం పెడుతున్నారండీ బాబూ అని అడిగారు. పద్ధతి అన్నాను. పక్కనున్న నా భార్య జోలీన్‌కు పొలమారింది.

ఏప్రిల్ 22

ఒక అవకతవక నా దృష్టికి వచ్చింది. శరదృతువులో విప్పిన గ్రిట్ సంచీ కొత్త సంవత్సరం నుంచి తరగలేదు. ఆల్చిప్పల సంచీ కూడా అంతే. గిన్నెలు మాత్రం రోజూ నిండుగా ఉంటున్నాయి. జనవరి నుంచి ఉదయం డ్యూటీ జోలీన్‌ది. విచారించగా, గిన్నె నిండుగా ఉందా లేదా? ఇంకేం కావాలయ్యా నీకు అంది.

సమాధానం సంతృప్తికరంగా లేదు.

ఏప్రిల్ 23, సాయంత్రం 5.00

జోలీన్ తమ్ముడు లైల్ ఫార్గో నుంచి ఫోన్ చేశాడు. సరస్సు మీద మంచు ఈ వారమో వచ్చే వారమో వీడుతుందట. మే మొదటి శనివారానికి పడవ మాట్లాడాడు. అత్తగారి బూడిదను సరస్సులో, మామగారిని కలిపిన చోటే కలపాలని అతని పట్టు. నవంబరులో తల్లికి బాగా లేదని కబురు అందగానే బయలుదేరాడు గాని, మంచుతుపానుకు హైవే మూసేశారు. వచ్చేసరికి ఆవిడ లేరు. ఆ శనివారమే అతను తల్లికి చెప్పుకునే వీడ్కోలు. బావా, అమ్మని జాగ్రత్తగా రెడీ చేసి ఉంచు అన్నాడు.

ఆవిడ గరాజ్‌లో, పై అరలో, కాఫీ డబ్బాలో ఉన్నారు. కలశం దండగని, డబ్బా చాలని ఆవిడే చెప్పారు. దుమ్ము తుడుద్దామని డబ్బా ఎత్తాను. ఉండవలసిన దానికన్నా చాలా తేలిగ్గా లేచింది.

5.10

డబ్బా ఖాళీ.

5.45

డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. జోలీన్ గిన్నెలు తోముతోంది. వెనక్కి తిరగకుండానే, చూశావా అంది.

జనవరి నుంచి రోజుకో చెంచా వేసిందట. గ్రిట్ గిన్నెలో.

ఎవరినన్నది అడగవలసిన అవసరం లేకపోయింది. అయినా అడిగాను.

అమ్మనే అంది. అమ్మే అడిగింది, వెండెల్. చివరి వారంలో. ఆ సరస్సులో మాత్రం నన్ను వెయ్యకే తల్లీ, బతికున్నన్నాళ్లూ ప్రతి వేసవీ మీ నాన్నతో ఆ పడవలో కూర్చుని దోమలకి రక్తం పోశాను, ఆయన చేప పడితే తప్ప నోరు విప్పేవాడు కాదు, చచ్చాక కూడానా అంది. నా కోళ్ల దగ్గర ఉంచు, నాతో కాస్త మాట్లాడేవి అవే అంది.

దగ్గర ఉంచమన్నారు గాని లోపల ఉంచమన్నారా అని అడిగాను.

ఎముకంటే కాల్షియమేగా, పెళ్లయినప్పట్నుంచీ అన్నం ముందు నువ్వు చెప్పేది అదేగా అంది. ఆ మధ్య ఆమ్లెట్ తింటూ, ఈ పచ్చసొనకి ఒక వ్యక్తిత్వం ఉంది అన్నదెవరు అని కూడా అంది.

నేనే.

ఏప్రిల్ 24

ఈస్టర్ ఎగ్ బేక్.

ఉదయం షేవింగ్ మధ్యలో ఈ విషయం తట్టింది. సగం గడ్డంతోనే కూర్చుని, తిన్నవారి జాబితా రాశాను. పాస్టర్ రెండుసార్లు. చర్చి కోశాధికారి, ఆయన కుటుంబం. పియానో వాయించే మార్వా మూడుసార్లు. రూబార్బ్ కాడలతో చేసే ‘పై’ అనే తీపి వంటకం తీరు గురించి మాటా మాటా వచ్చి మార్వాతో అత్తగారికి ఏళ్ల తరబడి పలకరింపులు లేవు. ఇటువంటి దగ్గరితనానికి ఆవిడ ఎన్నడూ ఒప్పుకునేవారు కారు.

ఏప్రిల్ 27

డబ్బా నింపక తప్పదని జోలీన్ అంటోంది. దేనితో అన్నాను. గరాజ్ నిండా సంచులేగా అంది.

లైల్ పనిచేసేది కోళ్ల మేత, గ్రిట్ తయారుచేసే ఫీడ్ మిల్లులో అని గుర్తు చేశాను. తెలుసు, వాడు ఏడుస్తూ ఉంటాడు, చూడడు అంది. నిజం చెప్పేస్తే మేలు కదా అన్నాను. చెప్పు మరి, ఇదిగో ఫోను, మీ అమ్మని కోళ్లకేశాం బాబూ అని నువ్వే చెప్పు అంది.

ఫోన్ అందుకోలేదు.

గరాజ్‌లో రెండు పాళ్లు ఆల్చిప్పల నూక, ఒక పాలు గ్రానైట్ గ్రిట్, రంగు కోసం పొయ్యి బూడిద కలిపాను. రెండింటినీ ఒకే పాత్రలో కలపడం నా జీవితంలో ఇదే మొదలు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

మే 1

మంచు వీడింది.

మే 3, శనివారం

జరిగింది జరిగినట్టు నమోదు చేస్తున్నాను.

పడవలో ముగ్గురం. గాలి చల్లగా ఉంది. మామగారిని కలిపిన చోట లైల్ ఇంజను ఆపాడు. జేబులోంచి కాగితం తీసి ఏదో చదవబోయి, చదవలేక మడిచేశాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. జోలీన్ నా వైపు చూసింది. ఆ చూపులో, చెప్పానా అని ఉంది.

అతను డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుప్పెట పైకి తీశాడు. విసరలేదు.

బొటనవేలితో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక పలుకు తీసి పంటి కింద పెట్టాడు. ఆ శబ్దం నాకు వినిపించింది.

బావా, ఇది మా మిల్లు సరుకు అన్నాడు. గ్రానైట్, రెండో నంబరు సైజు. తెల్లది ఆల్చిప్ప. అమ్మేదీ?

నేను టౌన్‌షిప్ తరఫున ఎన్నో కష్టమైన ప్రశ్నలకు జవాబులు రాశాను. దీనికి మాత్రం జోలీన్ చెప్పింది. పడవ సంగతి, దోమల సంగతి, చెంచా సంగతి, అంతా. వాడికి నాన్న పడవంటే ప్రాణం, చెబితే బాధపడతాడు, చెప్పకు అని కూడా అందిరా అంది.

లైల్ రెండో చేత్తో డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. ఆ క్షణంలో డబ్బానూ నన్నూ కలిపి విసిరేస్తాడనే అనుకున్నాను. తప్పు పట్టేవాణ్ని కాను.

నా కోసం అడిగిందా అన్నాడు.

రోడ్డు తెరిచారా, రోడ్డు తెరిచారా అని ఆ రోజంతా అడుగుతూనే ఉంది అంది జోలీన్. తెరిచారమ్మా, వచ్చేస్తున్నాడు అని చెప్పాను. సరే అయితే, వాడికి రెండు గుడ్లు వేయించు అంది. అదే ఆఖరి మాట.

ఈ మాట నాకూ ఇంతవరకు తెలియదు.

లైల్ గుప్పెట్లోది మళ్లీ డబ్బాలో పోసి, చేతులు దులిపి, మూత బిగించాడు. పారబొయ్యకండి, మంచి సరుకు అన్నాడు. ఇంజను వేసి పడవను ఒడ్డుకు తిప్పాడు.

ఇంటికి రాగానే నేరుగా కోళ్ల గూటికి వెళ్లాడు. ఏది ఎక్కువ తింది అని అడిగాడు. జోలీన్ బూడిదరంగు పెట్టను చూపించింది. ఒక బకెట్ బోర్లించి కూర్చున్నాడు. పెట్ట అతని ఒళ్లోకి ఎక్కి చొక్కా బొత్తాన్ని పొడవసాగింది. వదులమ్మా, వదులు, ఉన్న మంచి చొక్కా ఇదొక్కటే అన్నాడు. తరువాత, రోడ్డు మూసేశారమ్మా అన్నాడు. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నాడో నేను నమోదు చేయను.

జోలీన్ రెండు గుడ్లు వేయించింది. లైల్ పళ్లెంలో తునకంత కూడా మిగల్చలేదు.

వెళ్లేటప్పుడు ఇంకో అరడజను ఇచ్చింది. అట్టపెట్టెను కారు ముందు సీట్లో పెట్టి, దానికి సీటు బెల్టు తగిలించాడు. నిదానంగా పోనిచ్చాడు.

మే 5, ఉదయం 7.00

జోలీన్ ఆమ్లెట్ కోసం గుడ్లు పగలగొట్టి, ఫోర్కుతో గిలకొట్టబోయి, ఆగిపోయింది. ఇద్దరం గిన్నెలోకి చూశాం.

నియమం: ఈ ఇంటి గుడ్లను ఉడికించవచ్చును, వేయించవచ్చును. గిలకొట్టరాదు. ఇది అంతిమం.