పక్క మంచం వాడి కుస్తీ

అల్లుడుగారు సూర్యకిరణ్ గారికి,

అత్త సూరాయమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమూ, మా కొబ్బరిచెట్లూ, మీ మావయ్యగారి మొండితనమూ అందరం క్షేమం.

అల్లుడితో ఫోనులో మాట్లాడటం మా ఇంటా వంటా లేదు. ఎదుటపడకూడని మనిషికి వీడియోలో కనపడతానా? అందుకే కాగితం. సెలవు అయిపోయి కువైట్ వెళుతున్న మన ఊరి మనిషి చేత పంపుతున్నాను. మీరూ ఇటు వచ్చే మనిషి చేత పంపండి.

దేవికని మీ దగ్గరికి పంపమంటున్నారు. పెళ్ళయి ఏడాది దాటింది, పంపాలి, కాదనను. కానీ ముందు మీ సంగతులు నాకు తెలియాలి. మీరు పోయినసారి రాసిన ఉత్తరం ‘క్షేమం, క్షేమమని తలుస్తాను’ దగ్గర ఆగిపోయింది. అది ఉత్తరమా, తపాలా ముద్రా? ఈసారి కాగితానికి రెండు వైపులా నిండా రాయాలి. నిండకపోతే పిల్ల కదలదు.

ఇంకో మాట. నేను కువైట్ వాడి పెళ్ళాన్ని. మీ మావయ్యగారు అక్కడ వంటవాడిగా ఉన్నన్నాళ్ళూ తన కష్టం ఒక్కటీ తనదని రాయలేదు. ‘పక్క మంచం వాడికి కామెర్లు, పాపం’ అని రాశారు. తిరిగొచ్చాక చూద్దును కదా, మనిషి పసుపుకొమ్ములా ఉన్నాడు. ‘పక్క మంచం వాడు ఇంటిమీద బెంగతో అన్నం తినటం లేదు’ అని రాశారు. దిగినప్పుడు చొక్కా మనిషి మీద కాదు, కొయ్యకి తగిలించినట్టుంది. ఇప్పటికీ ఆ గుణం పోలేదు. కాఫీ కావాలంటే ‘పక్కింటాయన కాఫీ తాగుతున్నట్టున్నాడే’ అంటారు. కాబట్టి మీరు ఎవరి గురించి రాసినా, అందులో మీరెక్కడ దాక్కున్నారో వెతికి పట్టుకోవటం నాకు వచ్చు. దాచాలని చూడకండి.

పిల్లనిచ్చిన అత్త,
సూరాయమ్మ

తా.క.: మామిడి తాండ్ర పంపుతున్నాను. తెచ్చే మనిషి మొహమాటస్థుడు కాదు. చివర కొరికినట్టుంటే నాకు రాయండి.

*

పూజ్యులు అత్తయ్యగారికి,

సూర్యకిరణ్ నమస్కారాలు. తాండ్ర అందిందండి. చివర కొరికి లేదు, మధ్యలో ముక్క లేదు.

నాకు మాటలు తక్కువండి. పొద్దున్నే అబ్బాసియాలో బస్సెక్కి మిర్కాబ్‌లో మా ప్రింటింగ్ ఆఫీసుకి వెళతాను, కంప్యూటరు మీద పుస్తకాల పేజీలు సర్దుతాను, తిరిగొస్తాను. కాగితం రెండు వైపులా నింపటానికి నా దగ్గర సరుకు లేదు కనక ఇప్పుడు సర్దుతున్న పుస్తకం సంగతి రాస్తాను.

మిష్రిఫ్‌లో ఒక రిటైరైన కువైటీ పెద్దాయన ఉన్నాడండి. వయసులో ఉండగా నూనె ఓడల పనిమీద జపానులో కొన్నేళ్ళున్నాడు. అక్కడ ఒక కుస్తీ కంపెనీ మీద మనసు పారేసుకున్నాడు. ఇప్పుడు దాని చరిత్ర రాసి, ఒక్కో అధ్యాయం మాకు పంపిస్తున్నాడు.

ఒసాకాలో నిషిదా అనే ఆయన చేపల మార్కెట్టులో మంచు పెట్టెలు పక్కకి జరిపించి, నాలుగు గుంజలు పాతి, తాళ్ళు కట్టి ఈ కంపెనీ మొదలుపెట్టాడటండి. కుస్తీ నేర్చుకునే కుర్రాళ్ళందరికీ ఆయన ఇంట్లోనే తిండి, అక్కడే పడక. అందరికీ ఒకే పెద్ద గిన్నెలో వంట. వాళ్ళలో మొరినో అనేవాడు ఆయనకి కొడుకుతో సమానం. అలాంటివాడు ఒకనాడు పొద్దున్నే సగం మంది మల్లుల్ని వెంటేసుకుని పోయి, ఎదురు వీధిలోనే ఇంకో కుస్తీ కంపెనీ పెట్టాడు. ఆ కబురు చెబితే నిషిదా తిట్టలేదు, కొట్టలేదు. ‘వాడు అన్నం తినే వెళ్ళాడా?’ అని మాత్రం అడిగాడటండి.

కాగితం నిండిందండి.

మీ అల్లుడు,
సూర్యకిరణ్

తా.క.: మావయ్యగారిని అడిగానని చెప్పండి. పక్కింటాయన్ని కూడా.

*

అల్లుడుగారికి,

ఇక్కడ అందరికీ ఒళ్ళు బాగానే ఉంది, నాకు మనసే బాగోలేదు.

మీ ప్రింటింగ్ ఆఫీసు ఎప్పుడు రెండు ముక్కలైంది? సగం మందిని లేవదీసుకుపోయిన ఆ మేనేజరు ఎవరు? మీరు పోయిన సగంలో ఉన్నారా, మిగిలిన సగంలో ఉన్నారా? అక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కార్డు, మీది ఏ సగం దగ్గరుంది? ఒకే గిన్నెలో వంటంటే, మెస్సు డబ్బు కట్టలేక పదిమంది ఒక చోట వండుకుంటున్నారన్నమాట. 

జపానట, చేపల మార్కెట్టట! మీ మావయ్యగారు పక్క మంచంతో సరిపెట్టారు. మీరు పక్క సముద్రం దాకా పోయారు. చదువుకున్నవాళ్ళు కదా.

ఉద్యోగం ఊగుతున్న చోటికి పిల్లని ఎలా పంపను? దేవిక ఈ ఉత్తరం వెనకనుంచి చదివి నవ్వుతోంది. దానికేం తెలుసు, నిన్నగాక మొన్న కువైట్ వాడి పెళ్ళామైంది. నిజం రాయండి.

మీ అత్త,
సూరాయమ్మ

తా.క.: పక్కింటి సత్యదుర్గ మీ ఉత్తరం చదివించుకుని వింది. ఇంతకీ ఆ మొరినో అన్నం తినే వెళ్ళాడా లేదా అని అడుగుతోంది. నాకైతే పట్టదు.

*

పూజ్యులు అత్తయ్యగారికి,

మీ ఒట్టండి, మా ఆఫీసు ఒక్క ముక్కగానే ఉంది. నా ఇఖామా నా జేబులోనే ఉంది. నిషిదా అంటే నిషిదాయేనండి. నేను కాదు, మా మేనేజరూ కాదు.

మీకు కంగారు తగ్గటానికి ఒక మాట చెబుతాను. ఈ జపాను కుస్తీలో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే మాట్లాడుకుంటారటండి. అది లోపలివాళ్ళు బయటికి చెప్పరు. పడే దెబ్బలు మాత్రం నిజం. మొరినో వెళ్ళాక నిషిదా దగ్గర పెద్ద మల్లుడు ఒక్కడే మిగిలాడు. ఆటలో వాడి భుజం ఎముక విరిగింది. వాడు ఆడకపోతే మర్నాటి ఆట లేదు, ఆట లేకపోతే కంపెనీ లేదు. అందుకని గుడ్డతో బిగించి కట్టుకుని, పైన కోటు తొడుక్కుని, ఏమీ జరగనట్టు నవ్వుకుంటూ వచ్చాడటండి.

అప్పుడే ఒక ముసుగు మనిషి దిగాడు. మొహం నిండా ఎర్ర ముసుగు. పేరు చెప్పడు, మాట్లాడడు. కంపెనీ మూతపడబోతోందన్నప్పుడల్లా వచ్చేవాడు, ఆడేవాడు, పైసా పుచ్చుకోకుండా వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేవాడు. అలా ఏళ్ళ తరబడి నడిచిందండి. ఆ పెద్దాయన కూడా ఇప్పటిదాకా ఆ ముసుగు ఎవరిదో చెప్పలేదు. ఆఖరి అధ్యాయం ఇంకా రాలేదు.

మొరినో తినకుండానే వెళ్ళాడని సత్యదుర్గ గారికి చెప్పండి.

మీ అల్లుడు,
సూర్యకిరణ్

తా.క.: దేవిక వీసా వచ్చిందండి. కాగితం ఫోనులో పంపాను. గడువు దాటితే మళ్ళీ మొదటికొస్తుంది. యల్లా అని తొందర పెట్టను కానీ, కొంచెం తొందర పడండి.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు తర్వాత. ముందు ఆ భుజం సంగతి.

ఏ భుజం? కుడా, ఎడమా? ఎక్కడ పడ్డారు? అక్కడ పుత్తూరు కట్టు కట్టేవాడు కూడా ఉండడు కదా! ‘కోటు తొడుక్కుని, ఏమీ జరగనట్టు నవ్వుకుంటూ’ అని చదివినప్పుడే అనుకున్నాను. పోయినవారం మీరు దేవికకి పంపిన ఫోటోలో పొడుగు చేతుల చొక్కా ఉంది. కువైట్ ఎండలో పొడుగు చేతుల చొక్కా ఎవరు తొడుక్కుంటారు, కట్టు దాచుకునేవాళ్ళు తప్ప?

గెలుపోటములు ముందే మాట్లాడుకుంటారని నన్ను ఓదార్చకండి. అయితే అది కుస్తీ కాదు, పెళ్ళిచూపులు. రెండు వైపులా ముందే అనేసుకుంటారు, ఆ తర్వాత కాఫీలు తెస్తారు.

ఇక ఆ ముసుగు మనిషి. ఎవరండీ ఆ మనిషి? పేరు చెప్పదు, మాట్లాడదు, అవసరమైనప్పుడల్లా వస్తుంది, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతుంది. పైసా పుచ్చుకోదు. పైసా పుచ్చుకోకుండా మగవాడి దగ్గరికి వచ్చే మనిషి ఇంకా ప్రమాదం. దేవిక ‘అమ్మా, ఆ ముసుగులో ఉన్నది మగాడే’ అంటోంది. ముసుగు విప్పకుండా దానికెలా తెలుసు?

ఈ ఉత్తరం తెచ్చిన దేవసహాయం మీకు తెలిసినవాడే, మన పక్క ఊరి కుర్రాడు, అక్కడ నీళ్ళ టాంకరు నడుపుతాడు. భుజానికి నూనె వాడి చేత పంపుతున్నాను. వాడు కొన్ని సంగతులు చూసుకుని నాకు చెబుతాడు. అడ్డు చెప్పకండి. వాడి నోట మంచి మాట వినేదాకా పిల్ల విమానం ఎక్కదు, వీసా గడువు దాటినా సరే.

మీ అత్త,
సూరాయమ్మ

తా.క.: సత్యదుర్గకి నిద్ర పట్టటం లేదు. ఆ ఎర్ర ముసుగు ఎవరిదని రోజూ నా ప్రాణం తీస్తోంది. పనీపాటా లేని మనిషి. ఆఖరి అధ్యాయం వచ్చిందా?

*

పూజ్యులు అత్తయ్యగారికి,

శుక్రవారం గదిలో బట్టలుతుక్కుంటుంటే దేవసహాయం వచ్చాడండి. వస్తూనే గుమ్మం దగ్గర చెప్పులన్నీ తిరగేశాడు. ఏంట్రా అంటే, ‘ఆడ చెప్పులున్నాయేమో చూడమన్నారన్నా పెద్దమ్మగారు. ఇక్కడున్నవి ఆడోళ్ళు ముట్టుకునేవి కూడా కాదు’ అన్నాడు. ఆ తర్వాత, ‘యల్లా అన్నా, చొక్కా విప్పు. ప్రభువు సాక్షిగా మాటిచ్చాను, ఎముక చూడకుండా కదల్ను’ అని రెండు భుజాలూ పట్టి నొక్కాడు. టాంకరు నడిపే చేతులండి అవి. అప్పటిదాకా నొప్పి లేదు, అప్పుడు పుట్టింది. పుట్టింది కనక నూనె రాశాడు. ఆ వాసనకి పక్క గది మలయాళీలు ఎవరో పోయారనుకుని పరామర్శకి వచ్చారు.

పొడుగు చేతుల చొక్కా ఎందుకంటే, ఎండ బయటండి, మా ఆఫీసులో ఏసీ కింద మంచులో కూర్చున్నట్టే ఉంటుంది.

తర్వాత వాణ్ణి ఫ్లాటుకి తీసుకెళ్ళాను. దేవిక వస్తుందని అబ్బాసియాలోనే చిన్న ఫ్లాటు తీసుకుని ఉంచానండి. ఒక్కణ్ణే ఎందుకని నేనింకా పాత గదిలోనే ఉంటున్నాను. దేవసహాయం కుళాయిలు తిప్పాడు, పొయ్యి వెలిగించాడు, మంచం మీద దొర్లి చూశాడు. వాడి మాట మీకు అందే ఉంటుంది.

అత్తయ్యగారూ, నాకు భుజం విరగలేదండి, ఆఫీసూ విరగలేదు, ముసుగు మనుషులెవరూ లేరు. కానీ ఫ్లాటు తాళం చేతికొచ్చినప్పటి నుంచీ సాయంత్రం పని ఖలాస్ అవగానే అక్కడికి వెళ్ళి, ఆ ఖాళీ వంటగదిలో కాసేపు నిలబడి వస్తున్నాను. దేవిక లేకపోతే నాకు తోచటం లేదండి. ఇది పక్క మంచం వాడి సంగతి కాదు. నాదే. చుట్టూ తిప్పి రాయటం నాకు చేతకాదు, చేతనైతే కాగితాలు ఊరికే నిండేవి.

మీ అల్లుడు,
సూర్యకిరణ్

తా.క.: ఆఖరి అధ్యాయం వచ్చిందండి. ముసుగు వీడింది. అది మాత్రం రాయను. దేవిక ఇక్కడికి వచ్చిన రోజున దేవికకి చెబుతాను, సత్యదుర్గ గారు తననే అడగవచ్చు.

*

అల్లుడు సూర్యకిరణ్ గారికి,

పిల్లనీ, మాటనీ మీ చేతిలో పెడుతున్న అత్త ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి మీ మావయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన అంతా చదివి, కళ్ళజోడు తీసి, ‘పక్కింటాయన కంట్లో నలక పడినట్టుందే’ అన్నారు. అన్నేళ్ళలో ‘నువ్వు లేక నాకు తోచటం లేదు సూరాయీ’ అని ఆ మనిషి ఒక్క ముక్క రాసి ఉంటే, నేను ఆ ఎడారికి నడుచుకుంటూ వచ్చేదాన్ని. రాయలేదు. మీరు రాశారు. అంతకంటే నాకు రుజువు అక్కర్లేదు, దేవసహాయం అక్కర్లేదు. ముసుగు సంగతి చెప్పనన్న మీ బెదిరింపు అసలే అక్కర్లేదు.

వచ్చే శుక్రవారం దేవిక హైదరాబాదులో విమానం ఎక్కుతుంది. ఆవకాయ జాడీ గట్టిగా కట్టాను. ఖాళీ వంటగది అన్నారు కదా, ఇక ఖాళీ ఉండదు.

పిల్ల ఏడిస్తే ఏడిచిందనే రాయండి. పక్క ఫ్లాటు పిల్ల ఏడ్చిందని రాయకండి.

మీ అత్త,
సూరాయమ్మ

తా.క.: ఆ ముసుగు మొరినోదే. మీరు దాచినంత మాత్రాన నాకు తెలియదా? అన్నం పెట్టినవాణ్ణి వదిలిపోయినవాడు, సిగ్గుతో ఎదురుగా వచ్చి సాయం చేయలేడు. ఇంకోడి మొహం తగిలించుకుని వస్తాడు. ఆ నిషిదా మొదటి రోజే పట్టి ఉంటాడు. పట్టనట్టు ఊరుకున్నాడు, అంతే. ముసుగు విప్పాక కూడా ‘తిన్నావా?’ అనే అని ఉంటాడు.

మళ్ళీ తా.క.: పక్కింటి సత్యదుర్గకి ఆ మిష్రిఫ్ పెద్దాయన్ని ఒక్కసారి చూసి, ఆ కుస్తీ సంగతులు నోటితో వినాలని ఉందట. దేవిక కుదుటపడ్డాక ఆవిడకి ఒక విజిట్ వీసా తీయించండి. పాస్‌పోర్టు కాపీ దీంతో పెట్టాను. ఫోటోలో నేనుంటాను, పేరు కూడా నాదే ఉంటుంది, అవేమీ మీరు పట్టించుకోకండి. అల్లుడి ఎదుటపడకూడదు కనక ఆవిడ మొహం నిండా కొంగు కప్పుకుని దిగుతుంది. పట్టనట్టే ఊరుకోండి. అన్నం తిన్నారా అని మాత్రం అడగండి.